ఓడ గడియారం – సిపాయి నిద్ర

మన సంఘం సంచికలో ప్రతి ఏడూ యుద్ధాల గురించి, రెజిమెంట్ల గురించి, పతకాలు పొందిన వీరుల గురించి మంచి వ్యాసాలు వస్తున్నాయి. ఈసారి నేను ఎవరూ అంతగా పట్టించుకోని ఒక విషయం తీసుకున్నాను. సముద్రం మీద పోయే ఓడలో గడియారం ఎలా మారేది, ఆ మార్పుకి మనిషి ఒళ్ళు ఎలా అలవాటు పడేది, మన సిపాయిలకీ మన తెలుగు వాళ్ళకీ ఆ చరిత్రతో ఏమి సంబంధం, అన్నదే ఈ వ్యాసం.

విషయం చిన్నదిగా కనిపించినా అవసరం పెద్దది. మన సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతి ఒక్కరూ మొదట చెప్పే మాట "వారం రోజులు నిద్ర పట్టలేదండీ" అని. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు ఐక్యరాజ్య సమితి డ్యూటీల మీద రాత్రికి రాత్రి విమానంలో వెళ్తున్నారు. మన తాతల కాలంలో ఇంతకన్నా దూరాలు ఓడల మీద పోయారు. వాళ్ళకి సముద్రపు వాంతులు వచ్చేవి, జ్వరాలు వచ్చేవి గాని ఈ నిద్ర బాధ పెద్దగా ఉండేది కాదు. ఎందుకని? నాకు తెలిసినంత వరకు చెబుతాను.

నాలుగు నిమిషాల లెక్క

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకి 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న వాడికి సూర్యుడు ముందు వస్తాడు, పడమటి వాడికి తర్వాత వస్తాడు. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే మిగిలినదంతా సులువు.

పాత ఓడల్లో మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి రేఖ మీదికి వచ్చిన క్షణాన్ని కొలిచి, అదే ఓడకి పన్నెండు గంటలని ప్రకటించేవారు. ఆ వేళకి ఓడ ఎక్కడుంటే అక్కడి సూర్యుడిదే టైము. బయలుదేరిన రేవు టైము కూడా తెలిస్తే, రెండింటి తేడాని బట్టి ఎంత తూర్పుకో పడమరకో వచ్చామో తెలుస్తుంది. కాని సముద్రం మీద ఊగిసలాటలో నిలకడగా నడిచే గడియారం చాలాకాలం ఎవరి దగ్గరా లేదు. ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు జీవితమంతా కష్టపడి అటువంటి గడియారం తయారు చేశాడు. 1761-62 లో జమైకా ప్రయాణంలో దాన్ని పరీక్షించి చూశారు. అప్పటి నుంచి క్రమంగా ఓడలో రెండు టైములు నడవడం మొదలైంది. ఒకటి రేవు టైము, అది పెట్టెలో భద్రంగా ఉండేది. రెండోది సూర్యుడి టైము, దాని ప్రకారం మనుషులు తినడం, పడుకోవడం, కాపలా కాయడం.

ఓడలో కాపలా మన గార్డు డ్యూటీలాంటిదే. నాలుగేసి గంటల చొప్పున వంతులు, ప్రతి అర గంటకి ఒక గంట మోగించడం, నాలుగు గంటలు నిండగానే ఎనిమిది గంటలు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న వంతుని మాత్రం రెండు ముక్కలు చేసి రెండేసి గంటలుగా పెట్టారు. అలా చేస్తే రోజుకి వంతులు ఏడవుతాయి. దాంతో ప్రతి రాత్రీ అదే నడిరేయి కాపలా అదే మనిషి మీద పడకుండా వంతు మారిపోతుంది. డ్యూటీ రోస్టర్ రాసిన వాళ్ళకి ఈ ఉపాయం విలువ వెంటనే తెలుస్తుంది.

ఆవిరి ఓడలు వచ్చాక గడియారం మార్పు రాత్రి పూట చేసేవారు. గంటకి 20 నాటికల్ మైళ్ళ వేగంతో భూమధ్యరేఖ దగ్గర నేరుగా పడమరకి పోయే ఓడ ఒక రోజులో 480 మైళ్ళు, అంటే 8 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి గడియారం రోజుకి 32 నిమిషాలు వెనక్కి తిప్పితే సరిపోతుంది. ఆ అదనపు సమయం ఒక్క వంతు మీదే పడకుండా రెండు వంతులకి పంచేవారు. 1917 లో లండన్‌లో ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ళు సమావేశమై, సముద్రాన్ని కూడా 15 డిగ్రీల పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీకి ఒక్కో గంట టైము ఉండాలని సిఫారసు చేశారు. మన సిగ్నల్స్‌లో వాడే జులు టైము, బ్రావో టైము వంటి అక్షరాలు ఈ పట్టీలకి పెట్టిన పేర్లే. మన దేశపు అయిదున్నర గంటలకి విడిగా అక్షరం లేదు. అది ఎకోకి, ఫాక్స్‌ట్రాట్‌కి మధ్యలో పడుతుంది.

మన వాళ్ళ సముద్ర ప్రయాణాలు

1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరి నవంబరు 16 న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో తమిళులతో పాటు తెలుగు వాళ్ళూ ఉన్నారు. మద్రాసుకీ డర్బన్‌కీ దాదాపు 49 డిగ్రీల తేడా, అంటే మూడు గంటల పావు. ప్రయాణం అయిదు వారాలు. రోజుకి అయిదారు నిమిషాలు. చేతికి వాచీ లేని ఆ పేదవాళ్ళకి టైము మారుతోందన్న సంగతే తెలిసి ఉండదు. సూర్యుడు లేచాడు, లేచారు. పొద్దు పోయింది, పడుకున్నారు. ఆ ప్రయాణంలో కష్టాలు లెక్కలేనన్ని ఉండి ఉంటాయి గాని నిద్ర తారుమారు కావడం అందులో లేదు.

మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్ళకి ఇంకా దగ్గరి సముద్రం రంగం ప్రయాణం. రంగూన్‌ని మన పెద్దవాళ్ళు రంగం అనే అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమర్ ఎక్కి రంగం వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవులో పని చేసి డబ్బు పంపిన వాళ్ళు లేని ఊరు శ్రీకాకుళం వైపు అరుదు. కాకినాడకీ రంగూన్‌కీ తేడా 14 డిగ్రీలు, దాదాపు గంట. కొద్ది రోజుల ప్రయాణంలో ఆ గంట ఎక్కడ పోయిందో కూడా తెలియకుండా సర్దుకుపోయేది.

సిపాయిల సంగతికి వస్తాను. 1914 లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది వారాలకే లాహోర్, మీరట్ డివిజన్లని ఫ్రాన్సు పంపారు. మొదటి ఓడలు సెప్టెంబరు 26 న మార్సెయి రేవు చేరాయి. మన టైముకీ ఫ్రాన్సు టైముకీ అప్పుడు అయిదున్నర గంటల తేడా. నెల రోజుల ప్రయాణం కాబట్టి సగటున రోజుకి పదకొండు నిమిషాలు. ఈ రోజు విమానంలో ఎనిమిది తొమ్మిది గంటల్లో పోయే దూరం అది.

1953 లో కొరియా యుద్ధం ఆగిపోయాక, యుద్ధ ఖైదీలని చూసుకోవడానికి మన కస్టోడియన్ ఫోర్స్ మేజర్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ గారి నాయకత్వంలో ఓడల మీద వెళ్ళింది. ఖైదీల కమిషన్‌కి అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య గారు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ మన సైనికులు తన నేల మీద కాలు పెట్టడానికి ఒప్పుకోకపోతే, ఇంచన్ దగ్గర ఓడల నుంచి హెలికాప్టర్లలో నేరుగా నిస్సైనిక ప్రాంతానికి దింపారు. అది తూర్పు ప్రయాణం, సుమారు మూడున్నర గంటలు గడియారం ముందుకి జరగాలి. వేలాది ఖైదీల మధ్య కంటి మీద కునుకు లేకుండా కాపలా కాయవలసిన పని. దిగిన మొదటి రాత్రికే మన జవాన్ల ఒళ్ళు అక్కడి టైముకి వచ్చేసి ఉండడం చిన్న సౌకర్యం కాదు.

టాంగా నేర్పిన సంగతి

ఇదంతా చదివి ఓడ ప్రయాణం సిపాయికి విశ్రాంతి అనుకుంటే పొరపాటు. 1914 అక్టోబరు 16 న బొంబాయి నుంచి మేజర్ జనరల్ ఎయిట్‌కెన్ కింద ఒక సేన తూర్పు ఆఫ్రికాకి బయలుదేరింది. అందులో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన 61వ పయనీర్లు, 63వ పాలంకోట లైట్ ఇన్ఫంట్రీ ఉన్నాయి. రెండున్నర వారాల ప్రయాణంలో సూర్యుడి టైము రెండుంపావు గంటలు వెనక్కి జరిగింది, రోజుకి ఎనిమిది నిమిషాలే. నిద్ర లెక్క ప్రకారం అందరూ సరిగ్గా ఉండాలి. కాని ఇరుకు ఓడలు, నెమ్మది నడక, సముద్రపు వాంతులతో జవాన్లు నీరసించిపోయారు. మొంబాసాలో దింపి కొంచెం విశ్రాంతి ఇద్దామన్న సలహాని ఎయిట్‌కెన్ ఒప్పుకోలేదు. నవంబరు 2 రాత్రి నుంచి టాంగా దగ్గర దింపి నేరుగా పోరులోకి పంపారు. జర్మన్ కమాండర్ లెట్టో-ఫోర్‌బెక్ చేతిలో ఆ సేన ఓడిపోయి మళ్ళీ ఓడ ఎక్కింది. ఓటమికి చాలా కారణాలు ఉన్నాయి. అలసిన మనిషిని అలసటతోనే పంపడం వాటిలో ఒకటి.

దీన్ని బట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, కొత్త టైముకి అలవాటు పడడానికి ఓడ రోజులు ఇస్తుంది. కాని ఆ రోజుల్లో తిండి, నిద్ర సరిగా ఉన్నాయా అని చూడడం పై వాళ్ళ పని. రెండూ ఉంటేనే దిగిన మనిషి పనికి వస్తాడు.

మన దేశపు ఒకే గడియారం

ఇప్పుడు నేల మీదికి వద్దాం. ఈస్టిండియా కంపెనీ 1792 లో మద్రాసులో అబ్జర్వేటరీ కట్టింది. అక్కడి మద్రాసు టైము గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. రైళ్ళు వచ్చాక అవి చాలాకాలం ఆ టైము మీదే నడిచాయి. కలకత్తా టైము వేరు, బొంబాయి టైము వేరు, ఆ రెండింటికీ గంట పైన రెండు నిమిషాల తేడా. విశాఖపట్నంలో కూడా 1840 లో గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని నడిపారు. ఆకాశం కొలిచిన తెలుగు వాళ్ళు మనకీ ఉన్నారని గుర్తు పెట్టుకోవాలి.

1906 జనవరి 1 నుంచి గ్రీనిచ్ కన్నా అయిదున్నర గంటలు ముందుండే ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ పాత టైముని కూడా వదలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశం మొత్తం గడియారాలు ఇంకో గంట ముందుకి తిప్పి ఉంచారు. ఒక్క ప్రభుత్వ హుకుంతో కోట్ల మంది గంట ముందు లేవవలసి వచ్చింది.

మన స్టాండర్డ్ టైము రేఖ 82½ డిగ్రీలు. అది కాకినాడకి కొంచెం తూర్పుగా పోతుంది. మా ఛత్తీస్‌గఢ్‌లో హౌరా లైను మీద అకల్తరా, జాంజ్‌గీర్ ప్రాంతంలో రైలు పట్టాలు దాటుతుంది. భిలాయి ఆ రేఖకి ఒక డిగ్రీ పైచిలుకు పడమర, కాబట్టి మాకు సూర్యుడు నాలుగైదు నిమిషాలే ఆలస్యం. గడియారానికీ సూర్యుడికీ ఇంత దగ్గరగా కుదిరే పెద్ద ఊళ్ళు దేశంలో తక్కువ.

ఆ కుదురు లేని చోట్ల నేను పని చేశాను. హవల్దారుగా ఉండగా విశాఖపట్నంలో ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాను. పదేసి డిగ్రీల తూర్పు ప్రయాణం, సూర్యుడు నలభై నిమిషాలు ముందుకి వచ్చాడు, గడియారం మాత్రం ముల్లు కదలలేదు. అండమాన్‌లో పొద్దున్నే అయిదింటికే ఎండ, సాయంత్రం అయిదున్నరకే చీకటి. అస్సాంలో ఇంకా విచిత్రం. అక్కడి టీ తోటల వాళ్ళు ఎప్పటి నుంచో గంట ముందుకి పెట్టుకున్న బగాన్ టైము పాటిస్తారు. పనివాళ్ళకి పగటి వెలుతురు కలిసి వస్తుందని. సర్కారు గడియారం దేశానికంతటికీ ఒకటే అయినా, మనిషి ఒంటికి మాత్రం సూర్యుడే పెద్ద ఆఫీసరు.

2009 లో కాంగో మిషన్‌కి వెళ్ళినప్పుడు విమానంలో వెళ్ళాం. తూర్పు కాంగోలో బ్రావో టైము, మనకన్నా మూడున్నర గంటలు వెనక. మొదటి మూడు నాలుగు రోజులు మా టెంటులో అందరికీ రాత్రి ఒంటిగంటన్నరకే మెలకువ. ఇండియాలో అప్పటికి పొద్దున్న అయిదు, మాకు పీ.టీ.కి లేచే వేళ. గడియారం విమానంలోనే మార్చేశాం, ఒళ్ళు మాత్రం ఇంకా ఇక్కడే ఉండిపోయింది.

ఒంటి గడియారం

దీనికి కారణం ఇప్పుడు సైన్సు చెప్పింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ గడియారం లాంటి ఏర్పాటు ఉంది. దాని పనితీరు కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ గార్లకి 2017 లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ గడియారాన్ని సరిచేసేది ముఖ్యంగా కంట్లో పడే వెలుతురు. 1999 లో హార్వర్డ్ పరిశోధకులు కొలిస్తే, వెలుతురు సాయం లేకుండా వదిలేసిన మనిషి ఒంటి గడియారం సగటున 24 గంటల 11 నిమిషాలు నడిచింది. అంటే సహజంగానే రోజు కొంచెం పొడుగ్గా ఉండాలని ఒళ్ళు కోరుకుంటుంది.

పడమర ప్రయాణంలో రోజు పొడుగవుతుంది, అది ఒంటికి ఇష్టం. తూర్పు ప్రయాణంలో రోజు పొట్టి అవుతుంది, అది కష్టం. ఒళ్ళు సర్దుకునే వేగం సుమారు రోజుకి గంట. ఓడ గడియారం రోజుకి అర గంట, ముప్పావు గంట మించి మారదు. అందుకే ఓడలో వెళ్ళిన మన తాతలకి ఒళ్ళు ఓడతో పాటే నడిచింది. విమానంలో మనం ఒంటిని వెనక వదిలేసి ముందుకి పోతున్నాం.

రోజు కలిసిన ప్రయాణం

ప్రపంచం చుట్టూ తిరిగితే ఈ నిమిషాలన్నీ కలిసి ఒక పూర్తి రోజు అవుతుంది. మాగెల్లాన్ ఓడల్లో మిగిలిన ఒక్క ఓడ 1522 లో పడమరగా భూమి చుట్టి కేప్ వెర్డ్ దీవులకి వచ్చినప్పుడు, ఓడలో లెక్క ప్రకారం బుధవారం, ఒడ్డున గురువారం. ఎవరూ లెక్క తప్పలేదు, ఒక సూర్యోదయం వాళ్ళకి తక్కువైంది. మన నౌకాదళం తెరచాప ఓడ తరంగిణి 2003-04 లో భూమి చుట్టి వచ్చింది.

దానికన్నా మనకి గర్వకారణం ఐ.ఎన్.ఎస్.వి. తారిణి. 2017 సెప్టెంబరు 10 న గోవా నుంచి ఆరుగురు మహిళా ఆఫీసర్లు 56 అడుగుల ఆ తెరచాప పడవలో తూర్పుగా బయలుదేరారు. నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు ఆడపడుచులు, విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్, మారిషస్ మీదుగా 2018 మే 21 న తిరిగి గోవా చేరారు. న్యూజిలాండ్ దాటాక తేదీ రేఖ వస్తుంది. తూర్పుగా దాటిన వాళ్ళకి అదే తేదీ రెండోసారి వస్తుంది. న్యూజిలాండ్ గడియారానికీ ఫాక్‌లాండ్ గడియారానికీ ఆ నెలల్లో పదహారు గంటల తేడా. ఆరుగురే మనుషులు, రాత్రీ పగలూ చుక్కాని పట్టాలి, కింద మంచు చలి, పైన తుఫాను. రోజులు పొట్టి అవుతున్న తూర్పు దారిలో వంతులు వేసుకుని నిద్ర పంచుకుని క్షేమంగా వచ్చారంటే, ఆ క్రమశిక్షణకి సెల్యూట్ చేయాలి.

భిలాయిలో కదలని ప్రయాణం

చివరిగా మా ఊరి మాట. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని 1959 ఫిబ్రవరి 4 న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు ప్రారంభించారు. ఫర్నేసుకి రాత్రీ పగలూ లేదు, ఒకసారి వెలిగిస్తే ఆగకూడదు. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ షిఫ్టుల్లో ముప్పై ఏళ్ళు పైన పని చేశారు. షిఫ్టు మారిన ప్రతిసారీ ఆయన ఇల్లు కదలకుండానే సముద్రం దాటినట్టే. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటే మా అమ్మ కిటికీలకి దుప్పట్లు కట్టి, మమ్మల్ని మైదానానికి తరిమేసేది. ఆవిడకి సైన్సు తెలియదు గాని, నిద్రకి చీకటి కావాలని తెలుసు. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరసలో మారితే ఒంటికి తేలికని, వెనక వరసలో మారితే కష్టమని ఇప్పుడు పరిశోధకులు చెబుతున్నారు. పడమర, తూర్పు ప్రయాణాల తేడా లాంటిదే ఇది కూడా.

కాబట్టి సోదరులకి నాలుగు మాటలు. అమెరికా తూర్పు తీరానికీ మనకీ పదిన్నర గంటల తేడా, వాళ్ళ వేసవిలో తొమ్మిదిన్నర. దిగిన రోజే అంతా సర్దుకోవాలని తొందర పడకండి, వారం పది రోజులు పడుతుంది. పగలు ఆరుబయట వెలుతురులో తిరగండి, అక్కడి రాత్రికే పడుకోండి, పగటి కునుకు అర గంట దాటనివ్వకండి. మొదటి రోజుల్లో కారు నడపకండి. షుగరు, బి.పి. మందులు ఏ టైముకి వేసుకోవాలో బయలుదేరక ముందే డాక్టరుని అడగండి. సర్వీసులో ఉన్న జె.సి.ఓ. తమ్ముళ్ళకి ఒక మనవి. విమానం దిగిన జవానుకి మొదటి రాత్రే నడిరేయి గార్డు వేయకండి. ఓడ రోజుల్లో సముద్రం ఇచ్చిన వ్యవధిని ఈ రోజు రోస్టర్ రాసే మనమే ఇవ్వాలి. నిద్ర లేని సంత్రీ వల్ల తన ప్రాణమే కాదు, వెనక పడుకున్న వాళ్ళందరి ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి.

జై హింద్.